అడుగున బతికే చేపల కోసం ఒక ట్యాంక్: ప్రాజెక్టు డైరీ

చాలా ట్యాంకులు పైనుంచి కిందికి నిండుతాయి. ముందు రంగు చేపలు వస్తాయి. అడుగున మేత పేరుకుపోయాక, "శుభ్రం చేస్తాయిలే" అని రెండు కోరీలను, ఒక సక్కర్ ఫిష్‌ను (రెండూ అడుగున తిరిగే మీసాల చేపలు, అంటే క్యాట్‌ఫిష్‌లు) తెచ్చి వదులుతారు. ఏ క్యాట్‌ఫిష్ కూడా మురికి తినదు. మిగిలిన మేత తింటుంది, తిన్నదానికి తగ్గ మురికి తనూ వదులుతుంది. అందుకే ఈ ట్యాంక్‌ను కింది నుంచి పైకి కట్టాను: ముందు ఇసుక, దాని మీద నీటి కదలిక, అక్కడిదాకా చేరే మేత, ఆ తర్వాతే మిగతావి. మీ ట్యాంక్ సైజు వేరైతే పద్ధతి ఉంచుకుని అంకెలు మార్చుకోండి.

చేపల జాబితా ఇది: స్టెర్బై కోరీలు 8, బ్రిసిల్‌నోస్ ప్లెకో (చిన్న రకం సక్కర్ ఫిష్) 1, రమ్మీనోస్ టెట్రాలు 14, పెర్ల్ గౌరామీ జంట. మొత్తం 25. వీటిని కలిపింది రంగు చూసి కాదు, ఉష్ణోగ్రత చూసి. స్టెర్బైకి 24 నుంచి 28 డిగ్రీలు హాయి, మిగతా మూడింటికీ 26 దగ్గర ఇబ్బంది లేదు. పాండా కోరీ, పెప్పర్డ్ కోరీ ఇంకాస్త చల్లటి నీళ్ల చేపలు. 27లో బతుకుతాయి కానీ నెట్టుకొస్తున్నట్టే ఉంటాయి.

పేర్ల గురించి ఒక మాట. 2024లో కోరీల ప్రజాతి కోరిడోరస్‌ను చాలా ప్రజాతులుగా విడగొట్టారు. స్టెర్బై ఇప్పుడు హోప్లిసోమా, బ్రాంజ్ కోరీ ఆస్టియోగాస్టర్. అమ్మేచోట పాత పేరే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు.

వద్దనుకున్నవి, ఎందుకో:

1. మామూలు సక్కర్ ఫిష్. కొనేటప్పుడు వేలెడంత, పెరిగాక 40 సెం.మీ. దాటుతుంది. పెద్దదయ్యాక చెరువులో వదిలేయడం ఇంకా ఘోరం. అలా వదిలినవే చాలా దేశాల నదుల్లో స్థిరపడి, గట్లు తొలిచి గుడ్లు పెడుతున్నాయి.
2. పిక్టస్ క్యాట్‌ఫిష్. మీసాలు చూస్తే ముచ్చటేస్తుంది. రాత్రయితే చిన్న టెట్రాలు దాని మేత.
3. ఒటోసింక్లస్. గాజు మీద పాచి, కట్టె మీద జిగురు పొర పేరుకున్న పాత ట్యాంక్ కావాలి. కొత్తదాంట్లో పస్తులుండి చచ్చిపోతాయి.
4. గ్లాస్ క్యాట్‌ఫిష్. కనీసం ఆరుండాలి, వెలుతురు తక్కువ కావాలి. ట్యాంక్‌లో చోటు చాలక వదులుకున్నాను, లేకపోతే వద్దనే చేప కాదు.
5. పెద్ద సిక్లిడ్‌లు. కోరీని మింగబోతాయి. కోరీ తన రొమ్ము ముళ్లను అడ్డంగా బిగిస్తుంది. గొంతులో ఇరుక్కుని రెండూ పోతాయి.

దశ 1: గాజు, బరువు, మట్టం

బయటి కొలత 90 × 45 × 45 సెం.మీ., గాజు 8 మి.మీ. అమ్మేవాళ్ల లెక్కలో ఇది 182 లీటర్లు. లోపలి కొలత తీసుకుని, పైన గాలికి వదిలే చోటు, ఇసుక, కట్టె తీసేస్తే బకెట్లతో కొలిచి పోసింది 140 లీటర్లు. మందులు, వంట సోడా, అన్నీ ఈ 140కే లెక్క కట్టాలి. 182 అనుకుని వేస్తే మందు డోసు 30 శాతం పెరిగిపోతుంది.

బరువు లెక్క:

- గాజు 32 కిలోలు. మొత్తం 32.
- ఇసుక 18. మొత్తం 50.
- కట్టె, రాళ్లు 8. మొత్తం 58.
- నీళ్లు 140. మొత్తం 198, స్టాండ్ కాకుండా.

రసమట్టం పెట్టి చూస్తే 90 సెం.మీ. పొడవులో 4 మి.మీ. వాలు. ట్యాంక్ కింద అట్టముక్క దూర్చి సరిచేయకూడదు, గాజు మీద ఒకచోటే బరువు పడుతుంది. స్టాండ్ కాలి కింద పలచని రేకు ముక్క పెట్టి, ట్యాంక్ కింద థర్మోకోల్ షీట్ పరిచాను. సగం నీళ్లు పోశాక మళ్లీ చూడండి. బరువు పడ్డాక స్టాండ్ కాస్త దిగుతుంది.

లోపలి అడుగు వైశాల్యం ప్రకారం 1 సెం.మీ. నీళ్లంటే 3.84 లీటర్లు. గాజు పక్కన టేపు అంటించి గీతలు పెట్టుకున్నాను. నీళ్లు మార్చేటప్పుడు బకెట్లు లెక్కపెట్టే పని లేదు, గీత దాకా లాగితే చాలు. మొత్తం ప్రాజెక్టులో ఎక్కువగా వాడిన పనిముట్టు ఈ టేపే.

దశ 2: ఇసుక

కోరీ మేత వెతికే తీరు చూస్తే ఇసుక ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. ముక్కు కళ్లదాకా ఇసుకలో గుచ్చి ఒక నోటి నిండా తీసుకుంటుంది. దవడ రెండు మూడుసార్లు నమిలినట్టు ఆడుతుంది. తినే ముక్క లోపలికి, ఇసుక మొప్పల సందుల్లోంచి రెండు పక్కలా సన్నటి ధారగా బయటికి. 3 మి.మీ. గ్రావెల్‌తో ఈ పని కాదు.

1. జల్లెడ: 1 మి.మీ. కన్నం దాటనివి పక్కన పెట్టేయాలి.
2. అరచేతుల మధ్య రుద్దాలి. గుచ్చుకుంటే వద్దు. రాయి పిండి కొట్టి చేసిన ఇసుక ఈ పరీక్షలోనే పోతుంది.
3. వెనిగర్ చుక్కలు వేయాలి. బుసబుస పొంగితే సున్నపు ముక్కలున్నట్టు. నీటి గట్టిదనం మీ చేతిలో ఉండదు.
4. 3 కిలోల చొప్పున కడగాలి. ఒకేసారి 18 కిలోలు కడగబోతే అడుగున బురద అలాగే ఉంటుంది.

మొదట 6 సెం.మీ. మందం పోశాను. తర్వాత సగం తీసేసి 3కి తెచ్చాను. కోరీలు తవ్వేది పై సెంటీమీటరు, మహా అయితే రెండు. దాని కింద ఎవరూ కదిలించని పొరలో మేత చేరి కుళ్లుతుంది. మొక్కలన్నీ అనూబియాస్, జావా ఫెర్న్. ఇవి కట్టెకు దారంతో కట్టేవి, తవ్వినా లేచిపోవు.

దశ 3: సైకిల్ ఆగిపోయింది

సైకిల్ అంటే చేపలు లేకుండా అమ్మోనియా పోసి ఫిల్టర్‌లో బ్యాక్టీరియా పెంచే పద్ధతి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకోటి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. 140 లీటర్లలో 2 పీపీఎం (లీటరుకు 2 మి.గ్రా.) రావాలంటే అమ్మోనియం క్లోరైడ్ 0.88 గ్రాములు. అంత చిన్న తూకం ప్రతిసారీ సరిగా రాదు కాబట్టి 8.8 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో కలిపి పెట్టుకున్నాను. ఒక డోసుకు 10 మి.లీ., సిరంజితో.

ఉష్ణోగ్రత 27, పంపు నీళ్ల పీహెచ్ 7.4, కేహెచ్ (నీటిలోని క్షారం కొలత) 3 డిగ్రీలు. క్లోరిన్ ఉన్న నీళ్లయితే ఒక రోజు తొట్టిలో ఉంచితే పోతుంది, క్లోరమైన్ మాత్రం పోదు. దానికి సోడియం థయోసల్ఫేట్ వేయాల్సిందే. అది క్లోరమైన్‌ను విడగొట్టినప్పుడు అమ్మోనియా బయటపడుతుందని గుర్తుంచుకోండి. ఫిల్టర్ సిద్ధంగా ఉంటే అదే తినేస్తుంది.

మొదట్లో అంతా సాఫీగా సాగింది. అమ్మోనియా దిగింది, నైట్రైట్ లేచింది, అదీ దిగడం మొదలైంది. ఆ తర్వాత అమ్మోనియా 1.4 దగ్గర ఆగిపోయింది. రోజులు గడుస్తున్నా నీటి పరీక్ష కిట్ రంగు మారలేదు. ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: సీసా బ్యాక్టీరియా ఇంకో మూత పోయండి. అసలు లెక్క వేరే చోట ఉంది.

అమ్మోనియా నైట్రేట్ అయ్యేటప్పుడు నీటిలోని క్షారాన్ని తింటుంది. 1 మి.గ్రా. అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7.1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌తో సమానమైన క్షారం ఖర్చు. మన డోసు భాషలో చెప్పాలంటే ప్రతి 2 పీపీఎంకు కేహెచ్ దాదాపు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. రాసి పెట్టుకున్న అంకెల పక్కన ఈ లెక్క వేస్తే ఇలా వచ్చింది:

- కరిగిన అమ్మోనియా మొత్తం 2 పీపీఎం. మిగలాల్సిన కేహెచ్ 2.35. పీహెచ్ 7.4.
- మొత్తం 6. మిగలాల్సింది 1.05. కిట్ చూపింది 1. పీహెచ్ 7.0.
- మొత్తం 8.6. మిగలాల్సింది 0.2. కిట్‌లో మొదటి చుక్కకే రంగు మారింది. పీహెచ్ 6.2.

పీహెచ్ అంత దిగితే ఆ బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. బ్యాక్టీరియా చావలేదు, దాని ముడిసరుకు అయిపోయింది, అంతే.

సరిచేసిన తీరు:

1. కేహెచ్ 1 డిగ్రీ పెరగాలంటే లీటరుకు 30 మి.గ్రా. వంట సోడా. 140 లీటర్లకు 4.2 గ్రాములు.
2. 3 డిగ్రీలకు 12.6 గ్రాములు తూచి, మగ్గులో కరిగించి, రెండు విడతలుగా పోశాను.
3. మర్నాటికి అమ్మోనియా కదిలింది. పీహెచ్ 7.4కి తిరిగొచ్చింది.
4. శాశ్వతంగా ఉండటానికి 200 గ్రాముల పగడపు ముక్కలు మెష్ సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టాను. ఇసుకలో వద్దన్న సున్నమే ఇది, కానీ సంచిలో ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు.

ఈ సోడా పని చేపలున్న ట్యాంక్‌లో, అమ్మోనియా కనిపిస్తుండగా చేయకండి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతం పైచిలుకు. పీహెచ్ 8లో 5 శాతం దాటుతుంది. అదే కిట్ రంగు, దాదాపు పదింతల విషం.

కేహెచ్ కిట్‌కు చిన్న చిట్కా: 5 మి.లీ. బదులు 10 మి.లీ. నీళ్లు తీసుకుంటే చుక్కకు అర డిగ్రీ చొప్పున లెక్క వస్తుంది.

పోసిన అమ్మోనియా మొత్తం 14 పీపీఎం అయ్యేసరికి 2 పీపీఎం డోసు ఒక్క రోజులో పూర్తిగా కరిగిపోవడం మొదలైంది, నైట్రైట్ కూడా సున్నా. లెక్క ప్రకారం నైట్రేట్ 51 రావాలి. కిట్ రంగు 40కి, 80కి మధ్యలో ఉంది. సరిపోయింది. నీళ్లు చాలావరకు మార్చి 10కి దించాను.

దశ 4: క్వారంటైన్

కొత్త చేపలను ముందు విడిగా ఉంచడానికి 40 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి, ఇసుక లేదు, దాక్కోవడానికి పైపు ముక్కలు. పెద్ద ఫిల్టర్ పక్కనే ముందుగా నానిన స్పాంజ్ ఫిల్టర్. నాలుగు వారాలు.

సంచి విప్పడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువసేపు ప్రయాణం చేసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందువల్ల అమ్మోనియా ఉన్నా విషంగా మారదు. మూతి విప్పగానే గ్యాస్ పోయి పీహెచ్ లేస్తుంది. అప్పుడు అదే నీళ్లలో చేపను ఉంచి గంటల తరబడి చుక్క చుక్క కలపడం దానికి మేలు కాదు. మూసిన సంచిని తొట్టిలో తేలేసి ఉష్ణోగ్రత కలిశాక, విప్పి, వెంటనే మార్చేయాలి. దగ్గర్లో కొన్న చేపకు చుక్కల పద్ధతి ఫర్వాలేదు.

కోరీలకు వల వాడొద్దు. రొమ్ము ముళ్లు వల కన్నాల్లో బిగుసుకుంటాయి, లాగితే విరుగుతాయి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా ముంచి అందులోకి తోలాలి. వేలికి గుచ్చుకుంటే కందిరీగ కుట్టినట్టు మంట. ఆ ముళ్ల దగ్గర విషగ్రంథులుంటాయి. బాగా బెదిరితే ఆ విషం సంచి నీళ్లలోకే వదులుకుని తమకు తామే పోతాయి. అందుకే సంచి నీళ్లు ఒక్క చుక్క కూడా తొట్టిలో పోయలేదు.

కొత్తగా చూసేవాళ్లకు టెన్షన్ పెట్టేది ఒకటుంది. కోరీ ఉన్నట్టుండి నిటారుగా పైకి దూసుకెళ్లి, ఒక గుక్క గాలి మింగి, అంతే వేగంగా కిందికొస్తుంది. జబ్బు కాదు. ఆ గాలి పేగు చివరి భాగంలోకి పోతుంది, ఆక్సిజన్ అక్కడ రక్తంలోకి ఎక్కుతుంది, మిగిలింది వెనకనుంచి బుడగలుగా పోతుంది. కాబట్టి మూతకు, నీటికి మధ్య 3 సెం.మీ. ఖాళీ తప్పనిసరి. అన్నీ కలిసి మాటిమాటికీ పైకి పరిగెడుతుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందని అర్థం.

టెట్రాల మీద ఇక్ (పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) తెల్లచుక్కలు వచ్చాయి, కోరీల మీద రాలేదు. ఉష్ణోగ్రత రోజుకు ఒక డిగ్రీ చొప్పున 30కి పెంచి, రెండో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేశాను. 26 డిగ్రీల నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 8.1 మి.గ్రా. అయితే 30లో 7.5 మాత్రమే. మలకైట్ గ్రీన్ సగం డోసు, ఎందుకంటే క్యాట్‌ఫిష్‌లు ఆ మందుకు తొందరగా దెబ్బతింటాయి. చివరి చుక్క రాలాక కూడా కొన్ని రోజులు కొనసాగించాలి. రాలిన చుక్కే అడుగున విడిపోయి మళ్లీ చేపను పట్టుకునే పిల్లల్ని వదులుతుంది.

పెద్ద ట్యాంక్‌లోకి వెళ్లిన లెక్క: ముందు టెట్రాలు 13 (ఒకటి పోయింది), తర్వాత కోరీలు 8, మొత్తం 21. ప్లెకోతో 22. చివరగా గౌరామీ జంట, 24.

దశ 5: మీసాలు అరిగాయి

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం తినేసింది ఇదే.

గాజు బయట అడుగున చిన్న స్కేలు అంటించి, కోరీ దాని ముందు ఆగినప్పుడు ఫోన్‌తో ఫోటో తీసేవాణ్ణి. వచ్చినప్పుడు పొడవాటి మీసం 7 మి.మీ. దగ్గర ఉంది. కొన్నాళ్లకు మూడింటికి 4 మి.మీ., చివర మొద్దుబారి, తెల్లగా. మిగతావాటివి బాగానే ఉన్నాయి. నీటి పరీక్ష: అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20. పైన రమ్మీనోస్‌ల తలలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. నీళ్లు పాడైతే ముందు వెలిసిపోయేది ఆ ఎరుపే. అంటే పైనంతా బాగున్నట్టే.

మీసాలు అరగడానికి మామూలుగా చెప్పే కారణాలు రెండు: పదునైన ఇసుక, మురికి ఇసుకలో బ్యాక్టీరియా. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో ఎప్పటికీ తేలదు. ఇసుక ముట్టుకోకుండా అడుగు సంగతి చూశాను.

1. సిరంజికి సన్నటి ఎయిర్ ట్యూబ్ తగిలించి, ఇసుకలో 1 సెం.మీ. లోతున నెమ్మదిగా లాగాను. ముందు వైపు నీళ్లు తేటగా, అమ్మోనియా 0.
2. కట్టె వెనక, కుడి మూల: గోధుమ రంగు నీళ్లు, కుళ్లు వాసన, అమ్మోనియా 1 పీపీఎం.
3. నానబెట్టిన ఫ్లేక్ మేత పొడి సిరంజితో అడుగున వదిలి చూశాను. ఎడమవైపు అర నిమిషంలో కొట్టుకుపోయింది. కుడి మూలలో వేసింది వేసినట్టే ఉంది.
4. ఫిల్టర్ నీళ్లు పడేచోట 10 లీటర్ల బకెట్ పట్టి టైమ్ చూశాను. పెట్టె మీద గంటకు 800 లీటర్లని ఉంది. శుభ్రంగా ఉన్నప్పుడు 75 సెకన్లు, అంటే 480. నీళ్లు పీల్చే చోట పెట్టిన స్పాంజ్ మూసుకుపోయాక 130 సెకన్లు, అంటే 277.

కోరీలు పగలంతా పడుకునేది ఆ కట్టె వెనకే. ట్యాంక్‌లో అన్నిటికన్నా మురికి చోట ముక్కు పెట్టి కూర్చుంటున్నాయి, టెస్ట్ కిట్ మాత్రం ముందు వైపు పై నీళ్లు చూసి అంతా క్షేమం అంటోంది.

మార్చినవి:

1. కట్టెను రెండు చదునైన రాళ్ల మీద 2 సెం.మీ. పైకెత్తాను. రాళ్లు గాజు మీదే ఆనాలి. ఇసుక మీద పెడితే ప్లెకో కింద తవ్వి కూల్చేస్తుంది.
2. ఫిల్టర్ ధారను ముందు గాజు వైపు నుంచి వెనక గోడ వెంట తిప్పాను.
3. కుడి మూలలో ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్. పంప్ నీటిమట్టం కన్నా పైన ఉంది. కింద పెడితే కరెంటు పోయినప్పుడు ట్యూబ్ గుండా నీళ్లు వెనక్కి రావచ్చు.
4. పీల్చే స్పాంజ్‌ను వారానికోసారి, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండడం.
5. నీళ్లు లాగే సైఫన్ పైపును ఇసుకకు 1 సెం.మీ. పైన ఆడించడం. లోపలికి గుచ్చితే ఇసుకంతా బకెట్‌లోకి వస్తుంది.

మళ్లీ మేత పొడితో పరీక్ష: కుడి మూల 40 సెకన్లలో ఖాళీ. ఇసుక లోపలి అమ్మోనియా కిట్‌కు అందలేదు. మూడు వారాలకు మీసాల చివర తెలుపు పోయింది, తర్వాత నెమ్మదిగా పెరిగి 6 మి.మీ. దాటాయి. మొదలంటా అరిగిపోకపోతే మీసం తిరిగొస్తుంది. ఇసుక అదే, ఇప్పటికీ.

ఒకచోట బెడిసికొట్టింది. వెనక గోడ వెంట ధార పెరిగాక మగ గౌరామీ నురుగు గూడు కట్టిన ప్రతిసారీ చెదిరిపోయింది, విసుగొచ్చి ఆడదాన్ని తరమడం మొదలెట్టింది. ఎయిర్ ట్యూబ్‌ను వలయంగా కలిపి నీటి మీద తేలేసి, లోపల తేలే మొక్కలు వేశాను. ధార వలయం కింద నుంచి పోతుంది, గూడు లోపల నిలబడుతుంది.

దశ 6: మేత కిందికి చేరడం

మునిగే వేఫర్ (మేత బిళ్ల) ఒక్కోటి అర గ్రాము. లైటు ఉండగా వేస్తే కిందికి చేరేలోపే టెట్రాలు దాని మీద వాలేవి. కోరీలకు అందట్లేదని ఇంకోటి, మరోటి వేసుకుంటూ పోతే రోజుకు 1.6 గ్రాములయింది. టెట్రాల పొట్టలు ఉబ్బాయి, కోరీల పొట్టలు లోపలికే ఉన్నాయి.

ఇప్పటి పద్ధతి:

1. సాయంత్రం ఫ్లేక్ 0.3 గ్రాములు ముందు మూలలో, పై చేపలకు.
2. లైటు ఆపిన 20 నిమిషాలకు వేఫర్ ముక్కలు 0.8 గ్రాములు, రెండు చదునైన మట్టి మూకుళ్లలో. ఒక్కటే పెడితే ప్లెకో దాని మీద పడుకుని ఎవర్నీ రానివ్వదు.
3. వారానికి రెండుసార్లు ప్లెకోకు వేడినీళ్లలో ముంచి తీసిన కీర ముక్క. మర్నాడు పొద్దున తీసేయాలి.
4. వారంలో ఒక రోజు పస్తు.

మొత్తం రోజుకు 1.1 గ్రాములు. దీన్నుంచి నైట్రేట్ ఎంత వస్తుందో ముందే కట్టొచ్చు. మేతలో ప్రొటీన్ 40 శాతం, ప్రొటీన్‌లో నైట్రోజన్ 16 శాతం. 1.1 గ్రాములకు 0.07 గ్రాముల నైట్రోజన్. అదంతా నైట్రేట్ అయితే 0.31 గ్రాములు, 140 లీటర్లలో రోజుకు 2.2 పీపీఎం, పస్తు రోజు పోగా వారానికి 13 దాకా. కొంత చేప ఒంట్లో, కొంత మొక్కల్లో పోగా కిట్ చూపేది వారానికి 10.

నీళ్లు ఎంత మార్చాలో ఇక్కడే తేలుతుంది. వారానికి పెరిగేది 10, మార్చేది 25 శాతం అయితే నైట్రేట్ పెరుగుతూ పెరుగుతూ 40 దగ్గర స్థిరపడుతుంది. పెరిగిన అంకెను మార్చే భాగంతో భాగిస్తే వచ్చేది అదే. మొదటి వారాల్లో 15 చూసి సంతోషించేవాళ్లకు మూడో నెలలో 38 కనిపించేది ఇందుకే. 40 శాతం మారిస్తే 25 దగ్గర ఆగుతుంది. టేపు మీద పాత గీత 9 సెం.మీ., కొత్తది 14.6 సెం.మీ., 56 లీటర్లు.

దశ 7: గుడ్లు

పెద్ద నీటి మార్పుకు అనుకోని ఫలితం ఇది. ట్యాంక్ 27, పోసిన నీళ్లు 22. కలిశాక 25. కోరీలకు వాన పడి కొత్త నీళ్లొచ్చినట్టు. మర్నాడు పొద్దున్నే ఆడది మగదాని పొట్టకు నోరు ఆనించి నిలబడింది. తర్వాత పొట్టకింది రెక్కల మధ్య రెండు మూడు గుడ్లు ఇరికించుకుని గాజు మీద చోటు వెతుక్కుంటూ తిరిగింది. మూతితో గాజును రుద్ది, గుడ్లు అంటించి, మళ్లీ మగదాని దగ్గరికి.

గుడ్లు గాజుకు గట్టిగా అంటుకుంటాయి. వేలితో మెల్లగా దొర్లిస్తే ఊడతాయి, నలగవు. 3 లీటర్ల డబ్బా, ట్యాంక్ నీళ్లే, ఎయిర్ స్టోన్, నీళ్లు లేత నీలమయ్యేంత మిథిలిన్ బ్లూ. తెల్లబడిన గుడ్డు కనిపించగానే తీసేయాలి, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. 26 డిగ్రీల దగ్గర నాలుగో రోజుకు పొదిగాయి.

- మొదటి విడత: గుడ్లు 60, పిల్లలు 38, నెల తర్వాత 9.
- రెండో విడత: గుడ్లు 52, పిల్లలు 41, నెల తర్వాత 27.

తేడా అంతా డబ్బా అడుగులో ఉంది. మొదటి విడతలో రోజూ నీళ్లు మార్చినా అడుగున కంటికి కనిపించని జిగురు పొర పట్టింది, పొట్ట ఆనించి పడుకునే పిల్లలు గుట్టగా పోయాయి. రెండో విడతను ట్యాంక్ లోపలే తగిలించే పెట్టెకు మార్చి, ఎయిర్ పైపుతో పెద్ద ట్యాంక్ నీళ్లు అందులోకి నిరంతరం వచ్చేలా చేశాను. అడుగున పలచగా ఇసుక జల్లి, రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తుడిచి సిరంజితో లాగేశాను. మేత అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటివి), అదీ పొట్టలోని సొన అయిపోయాకే.

పెరిగిన పిల్లలు 36. ఈ ట్యాంక్‌లో ఉంచుకునేవి 4, మిగతావి చేపలు పెంచే తెలిసినవాళ్లకు. అప్పుడు లెక్క 28 చేపలు, నైట్రేట్ వారానికి 11 దాటితే నీళ్ల గీత మళ్లీ జరపాలి.

ఇంకా మిగిలింది

హీటర్ 150 వాట్లు, ఎడమ మూలలో నిలువుగా ఉంది. రెండు చివర్లా థర్మామీటర్లు పెడితే 1.2 డిగ్రీల తేడా. దాన్ని ఇసుకకు 5 సెం.మీ. పైన అడ్డంగా, ఫిల్టర్ ధార తగిలే చోటికి మార్చాలి. ప్లాస్టిక్ తొడుగు మాత్రం తీయకూడదు. ప్లెకో వెచ్చగా ఉందని హీటర్‌ను కరుచుకుని పడుకుంటుంది, పొట్ట కాలినా లేవదు. మార్చాక వారం పాటు పొద్దున, రాత్రి రెండు చివర్లా చదివి, తేడా అర డిగ్రీ లోపలికి రాకపోతే 100 వాట్లవి రెండు పెట్టి చూడాలి.